ఆ ఒక్క మాట దాచే విద్య

ప్రేమ నవల రాయాలని మనిషికి ఎందుకు బుద్ధి పుడుతుంది? గుంటూరు బ్రాడీపేటలో ఏ అరుగు మీద ఈ ప్రశ్న వేసినా ముందు ఒక నవ్వు వినిపిస్తుంది. పనీపాటా లేక పగటికలలు కనేవాళ్లు రాస్తారని తేల్చేస్తారు. శుద్ధ తప్పు. కలలు కనడం ఎవరికైనా వచ్చు. ఒకరినొకరు కోరుకుంటున్న ఇద్దరిని ఒకే గదిలో కూర్చోబెట్టి, ఆ ఒక్క మాట ఎవరి నోటా రానివ్వకుండా వారాల తరబడి కథ నడపడం మాత్రం ఏ కొద్దిమందికో అబ్బుతుంది. ఆ పట్టు ఒకసారి చేతికి చిక్కితే ఇక కలం కింద పెట్టబుద్ధి కాదు.

ఈ జిల్లాకి ఆ రుచి తగిలింది తెనాలిలో. అక్కడే పెరిగిన చలం 1927లో మైదానం రాసి, వకీలు భార్య రాజేశ్వరిని గడప దాటించాడు. అదే ఊరి చక్రపాణి క్షయ జబ్బుతో మదనపల్లె శానటోరియంలో ఉండగా తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకున్నాడని చెబుతారు. తర్వాత ఆయన బెంగాలీ రచయిత శరత్ నవలల్ని ఎంత తేట తెలుగులోకి తెచ్చాడంటే, శరత్‌బాబు మన తెలుగువాడేననుకున్న పాఠకులు ఉన్నారట. 1953లో శరత్ నవల దేవదాసు సినిమాగా వచ్చేసరికే ఇక్కడి ఇళ్లలో పార్వతి కోసం కన్నీళ్లు పెట్టుకోవడం అయిపోయింది.

అయితే చలం, శరత్ ఇద్దరూ మగవాళ్లే. ప్రేమ కథలో పగ్గాలు ఆడవాళ్ల చేతికొచ్చింది అరవైల్లో. అప్పుడు పుట్టిందే అసలు విద్య.

యద్దనపూడి సులోచనారాణి 1940లో కాజలో పుట్టారు. మంగళగిరి దగ్గరి కాజ కాదు, కృష్ణా జిల్లా మొవ్వ పక్కనున్న కాజ. గుంటూరు వాళ్లు ఈ సంగతి ఒప్పుకోవడానికి కాస్త బాధపడతారు. పాతికేళ్లు నిండీ నిండని వయసులో ఆమె జ్యోతి మాసపత్రికకు రాసిన సెక్రటరీలో పనితనం ఎక్కడుందో చూడాలి. ఆరడుగుల నాయకుడు రాజశేఖరం, అతని కారు అందరికీ గుర్తే. అనుకరించినవాళ్లంతా ఎత్తుకుపోయింది ఆ కారునే. నవల నడిచింది మాత్రం నాయిక జయంతి వల్ల. బామ్మ తప్ప వెనక ఎవరూ లేని పిల్ల, నెల జీతం మీద బతికే పిల్ల. డబ్బున్న మగవాడు మంచిగా మాట్లాడితే మురిసిపోవాలా, అనుమానించాలా? జయంతి అనుమానిస్తుంది. అపార్థం దారిన పోయే ఉత్తరం వల్లనో, చాటున విన్న సగం మాట వల్లనో రాలేదు, ఆమె పేదరికంలోంచి, పౌరుషంలోంచి వచ్చింది. అందుకే పాఠకురాలు విసుక్కోదు, తానైనా అలాగే చేసేదాన్నని అనుకుంటుంది. ఇంకో నేర్పు చూడండి. రాజశేఖరం మనసులో ఏముందో రచయిత్రి అంత తేలిగ్గా బయటపెట్టరు. అతను తలుపు దగ్గర ఆగడం, ఒక మాట అనబోయి మానేయడం ఎక్కువగా జయంతి కళ్లలోంచే కనిపిస్తాయి. ఆ తలుపు అవతల ఏముందోనన్న ఆరాటంతో నెల రోజులు గడుస్తాయి. సంచిక వస్తుంది. తలుపు మరో బెత్తెడు తెరుచుకుని ఆగిపోతుంది!

ఇలా ఆపడంలోనే రాసేవాళ్ల ఆనందమంతా ఉంది. ఆ కాలపు మధ్యతరగతి ఇంట్లో పిల్ల చదువు ఎప్పుడు ఆపాలో, పెళ్లి ఎవరితో చేయాలో, కట్నం ఎంతో పెద్దవాళ్లు తేల్చేవారు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకి నీళ్లు వదిలాక ఈ నేలన పత్తి, మిరప డబ్బు కళ్లజూసిన ఇళ్లు పెరిగాయి, కూతుళ్లని గుంటూరు కాలేజీలకి పంపడమూ పెరిగింది. డిగ్రీ చేతికొచ్చినా అవునో కాదో చెప్పే హక్కు మాత్రం రాలేదు. కాగితం మీద ఆ హక్కు ఉంది. వంటింటి పని ముగించి ఠావు కాగితాలు ముందేసుకున్న స్త్రీ, అంతటి రాజశేఖరాన్నీ గుమ్మం బయట నిలబెట్టగలదు. ఆ అధికారం రుచి చూసినవాళ్లు పది నవలలు, ఇరవై నవలలు రాశారంటే వింతేముంది?

వాళ్ల చేతి మహిమకి సినిమావాళ్లే సాక్షులు. కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం 1964లో డాక్టర్ చక్రవర్తి అయింది, ప్రేమనగర్ 1971లో తెరకెక్కింది. యద్దనపూడి మీనాని 1973లో విజయనిర్మల సినిమాగా తీశారు. తల్లి పెత్తనం కింద నలిగిన పట్నం పిల్ల పల్లెటూరి మేనత్త ఇంటికొచ్చి, వ్యవసాయం చేసుకునే బావని మెచ్చుకునే ఈ కథని పల్నాడు ఇళ్లలో సొంత చుట్టాల కథలా చదివారు. 2016లో అ ఆ సినిమా చూసినవాళ్లు మీనాని ఇట్టే గుర్తుపట్టారు. నలభై ఏళ్లు దాటినా కథకి బలం తగ్గలేదు.

రంగనాయకమ్మ పక్షం వాళ్లు ఇక్కడ అడ్డం తగులుతారు. ఆడపిల్లల్ని రాజకుమారుడి కోసం కాచుకోమని చెప్పే సాహిత్యం ఇదని వాళ్ల వాదన. రంగనాయకమ్మ నవల బలిపీఠం గొప్పదే, కాదనేవారు లేరు. కానీ జయంతి కాచుకు కూర్చోలేదే, కాదని లేచి వెళ్లింది! విమర్శకులు సగానికి పైగా పుస్తకం తెరవకుండా కారు బొమ్మ చూసి తీర్పు చెప్పినట్టే అనిపిస్తుంది.

ఆ రోజుల సీరియల్ బైండు ఒకటి చేతిలోకి తీసుకోండి. వారం వారం పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, క్యాలికో అట్ట వేయించినది. ఒక పేజీకి అవతల సబ్బు ప్రకటన, ఇంకో పేజీలో సగానికి పొరుగు కథ తోక. మార్జిన్‌లో పెన్సిల్‌తో 'పొగరు', కింద వేరే చేతిరాతతో 'కాదు, పౌరుషం'. అద్దె లైబ్రరీ ముద్ర మీద ఇంకో అద్దె లైబ్రరీ ముద్ర. ఆఖరి రెండాకులు ఎవరో చించుకుపోయి ఉంటారు.

ఇంతటి విద్యని పాడుచేసింది బయటివాళ్లు కాదు. గిరాకీ చూసి ఆడపేర్లు పెట్టుకుని రాసిన మగవాళ్లు తయారయ్యారు. కారు, మేడ, గులాబీ తోట, ఒక అపార్థం పోగేస్తే నవల అయిపోయిందనుకున్నారు. పత్తి విత్తనాల్లో కల్తీ అమ్మితే రైతు రోడ్డెక్కుతాడు, నవలల్లో కల్తీకి అడిగేవాడే లేడు. తర్వాత టీవీ వచ్చింది, వారపత్రికలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి, అద్దె లైబ్రరీలు సెల్‌ఫోన్ షాపులయ్యాయి. ఇప్పుడు ఫోన్‌లో ప్రతిలిపి లాంటి ఆన్‌లైన్ చోట్ల వేలమంది రాస్తున్నారు. రాయాలన్న ఆ కోరిక బతికి ఉన్నందుకు సంతోషించాల్సిందే. కానీ మొదటి భాగంలోనే బలవంతపు పెళ్లి, మూడో భాగంలో చెంపదెబ్బ, అయిదో భాగంలో ఆ కొట్టినవాడి మీదే ప్రేమ! ఇదేం ప్రేమ? నాయికకి కాదనే అవకాశమే ఇవ్వనప్పుడు ఆమె అవునంటే ఎవరికి పులకింత? పాత నవలల్ని స్కాన్ చేసి పంచేవాళ్లు, అడగకుండా చదివి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు వీళ్లకి తోడు. రచయిత్రి పేరు కూడా సరిగ్గా రాయరు.

యద్దనపూడి 2018 మేలో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆ తరం కాగితాలనైనా కాపాడుకోవాలి. చీరాల పక్కన వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. ఇంటి అటక మీద సీరియల్ బైండ్లు ఉన్నవాళ్లు కాటాకి వేసేముందు అక్కడ ఒక మాట అడగండి. నాగార్జున విశ్వవిద్యాలయం తెలుగు శాఖ కూడా ఈ నవలల మీద ముఖం చిట్లించడం మాని, ఏ సీరియల్ ఏ సంచికలో మొదలై ఏ సంచికలో ముగిసిందో ఒక జాబితా వేయించాలి. ఫోన్‌లో రాస్తున్న పిల్లలు సెక్రటరీని చేతిలో పెన్సిల్‌తో మళ్లీ చదవాలి, రాజశేఖరం నోరు విప్పబోయి ఎన్నిసార్లు ఆగాడో లెక్కపెడుతూ.