ఆగగలిగితేనే బేరం

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు సరుకు తెచ్చిన రైతు రేటు కోసం ఆగలేడు. పురుగు గూడు అల్లడం మొదలుపెట్టిన ఐదారు రోజులకు పురుగులు గూళ్లు అల్లే చంద్రికల నుంచి వాటిని విడదీసి మార్కెట్‌కు చేర్చాలి. ఇంకొన్ని రోజులు ఇంట్లోనే ఉంచుకుంటే లోపలి పురుగు రెక్కల పురుగుగా మారి, గూటిని తొలుచుకుని బయటికొస్తుంది. అలా తొలిచిన గూటి నుంచి సరైన దారం రాదు. అందుకే వేలంలో, గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు ఆ పూట ఎంత పాడితే అంతకే ఇచ్చి రావాలి. రామనగరలో ఎంత పలికింది, హిందూపురంలో ఎంత పలికింది అని సోమందేపల్లి, పెనుకొండ వైపు రైతులు ఫోన్లో చూసుకుంటూనే ఉంటారు. దానివల్ల ఏ మార్కెట్‌కు పోవాలో తెలుస్తుంది తప్ప ఆగే వీలు రాదు. అదే హిందూపురంలో చింతపండు సంగతి వేరు. రేటు నచ్చకపోతే కరిపులి రకం చింతపండును కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలల తరబడి ఆగుతారు.

ఆగగలిగినవాడికీ ఆగలేనివాడికీ ఉన్న ఈ తేడా మన ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే ఆన్‌లైన్ కొనుగోళ్లకు, ధర తగ్గితే కబురు చెప్పే ప్రైస్ అలర్ట్ పెట్టుకునే అలవాటు మనకు బాగా ఉపయోగపడుతుందని నా నమ్మకం. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు రోజులో ఎన్నిసార్లయినా ధర మార్చగలరు. కొనేవాళ్లకున్న బలం ఒక్కటే, ఇవాళే కొనాల్సిన పని లేకపోవడం.

పని చిన్నదే. అమెజాన్‌లో నచ్చిన వస్తువు లింకు కాపీ చేసి, ధరల చరిత్ర చూపే కీపాలో వేస్తే, ఆ వస్తువు ధర ఇన్నాళ్లూ ఎలా ఎక్కిందో, ఎలా దిగిందో గీత గీసి చూపిస్తుంది. అలాంటిదే అయిన బైహట్కే ఫ్లిప్‌కార్ట్ ధరలను కూడా చూపిస్తుంది. ఎంతకు తగ్గితే చెప్పాలో అక్కడే రాసి వదిలేయొచ్చు. అసలు విద్య ఆ అంకె ఎంచుకోవడంలో ఉంది. గీతలో ఒక్క రోజు పాతాళానికి పడి లేచిన ధరను లక్ష్యంగా పెట్టుకుంటే ఏళ్లు గడిచినా అలర్ట్ మోగదు. ఎవరో ఒక అమ్మకందారు పొరపాటున పెట్టిన ధర అయ్యుండొచ్చు అది. ఏడాదిలో రెండు మూడుసార్లు దిగి, దిగినప్పుడల్లా కొన్ని రోజులు నిలబడిన ధర ఒకటి కనిపిస్తుంది. నేను రాసుకునేది దాన్నే. అది రాశాక యాప్ మూసేస్తాను. రోజూ తెరిచి చూస్తుంటే అలర్ట్ పెట్టుకున్న ప్రయోజనం పోతుంది.

పక్కింటి అక్క ఒకరోజు ఫోన్ పట్టుకొచ్చి, “అన్నా, 60 శాతం తగ్గించినారంట, తీసుకోమంటావా?” అని అడిగింది. “దేంట్లో నుంచి తగ్గించినారో చూడక్కా” అన్నాను. కొట్టేసి చూపించే ధర చాలాసార్లు ఎమ్మార్పీ. ప్యాకెట్ మీద అచ్చేసే గరిష్ఠ ధర అది, అంతకు మించి అమ్మకూడదని దాని అర్థం. ఆ వస్తువును నిన్నటిదాకా ఎంతకు అమ్మారో అది చెప్పదు. ఆ అక్క చూసిన కుక్కర్‌కు గీత తీసి చూస్తే, ఎన్నో నెలలుగా అదే ధర. తగ్గింపు శాతాన్ని పక్కనపెట్టి చేతికి ఎంత పడుతుందో మాత్రమే చూడమని అందరికీ చెబుతుంటాను.

గీత చూసేటప్పుడు పన్నుల తేదీలు కూడా గుర్తుండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద, ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను లేకుండా 25,000 రూపాయలయ్యే టీవీ పాత లెక్కలో 32,000, కొత్త లెక్కలో 29,500. అంటే కంపెనీ ఒక్క రూపాయి తగ్గించకపోయినా 2,500 తేడా. ఆ తేదీకి ముందు నాటి ధరతో పోల్చి భారీ తగ్గింపు అని మురిసిపోతే పొరపడ్డట్టే.

గీతకు తెలియని విషయాలు ఇంకా ఉన్నాయి. బ్యాంకు కార్డు తగ్గింపు, పాత ఫోన్ మార్పిడి, డెలివరీ చార్జీ అందులో కనిపించకపోవచ్చు. ఒకే ఫోన్‌కు నీలం రంగులో ఒక ధర, నలుపులో ఇంకో ధర ఉంటాయి. అలర్ట్ మోగాక అమ్మేది ఎవరో, వారంటీ ఉందో లేదో, మన పిన్‌కోడ్‌కు వస్తుందో రాదో చూసి, చివరి మొత్తం తేలాకే డబ్బు కట్టాలి. టెలిగ్రామ్‌లో ‘లూట్’ అంటూ వచ్చే లింకులు నొక్కకుండా, వస్తువు పేరును యాప్‌లోనే వెతుక్కోవడం క్షేమం. పెద్ద వస్తువైతే హిందూపురం షాపులో కూడా అదే అంకె చెప్పి అడగండి. బిగించి ఇచ్చి, చెడిపోతే మనిషిని పంపే షాపు నాలుగు వందలు ఎక్కువ అడిగినా నేను అక్కడే కొంటాను.

ఆగకూడనివాటికి ఆగొద్దు. మందులకు, జూన్‌లో బడి తెరిచే ముందు పిల్లల పుస్తకాల సంచికి అలర్ట్ ఎందుకు?

చేనేత చీరకు మాత్రం అలర్ట్ పెట్టొద్దని గట్టిగా చెబుతాను. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఆ పేరు తగిలించి మరమగ్గం చీరలు, పట్టే కాని చీరలు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చేస్తున్నాయి. ఎంత తగ్గితే అంత మంచిదని వెతికేవాళ్ల ముందుకు మొదట వచ్చేవి అవే. ముడిపట్టు, జరీ అప్పుగా తెచ్చుకుని మగ్గం ఎక్కిన నేతగాడు గూళ్ల రైతులాగే ఆగలేనివాడు. టీవీ కంపెనీ ధర తగ్గిస్తే అది దాని లెక్క. చీర ధర తగ్గితే ఆ కోత మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కూలి దాకా పోతుంది. అక్కడ వెతకాల్సింది సిల్క్ మార్క్ చీటీ, చేనేత గుర్తు.

ఈ తిప్పలన్నీ కొనేవాళ్లే ఎందుకు పడాలన్న ప్రశ్న కూడా ఉంది. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ పెట్టిన తొలి బిగ్ బిలియన్ డే తర్వాత, ధరల మార్పు మీద వచ్చిన ఫిర్యాదులకు ఆ సంస్థ వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కస్టమర్లకు క్షమాపణ లేఖ రాయాల్సి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి ఒక నియమం అమల్లో ఉంది. తగ్గింపు ప్రకటించే అమ్మకందారు అంతకుముందు కనీసం 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను పాత ధరగా చూపాలి. మన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబర్‌లో తెచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మాయలను నిషేధించాయి. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని అబద్ధంగా తొందరపెట్టడం వాటిలో ఒకటి. ఆ 30 రోజుల నియమం ఇక్కడికీ రావాలి. అది వచ్చేదాకా గీత చూసి కొనండి. తప్పుడు తగ్గింపు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని 1915కు ఫోన్ చేయండి.