జీల్ రాజ్యము – నాదము: పాత్రపోషణ వీడియో క్రీడలలో ఉన్నత నాగరకతా చిత్రణము

పురవర్ణనము మన ప్రబంధములకు ముఖ్యాంగము. ఒక సమాజమెంత ఉన్నతమైనదో కవి మేడలను, వీథులను, పురజనుల విద్యావైభవమును వర్ణించి తెలుపును. పాఠకుడే ఒక పాత్రయై కథను నడుపవలసిన పాత్రపోషణ వీడియో క్రీడలలో ఈ వర్ణనాభారమును పెక్కుమాఱులు సంగీతము వహించుచున్నది. క్రీడాకారుడు నగరమున అడుగిడినంతనే, ఒక్క మాటయైన చదువకమునుపే, ఆ సమాజమును గూర్చిన తీర్పు చెవి ద్వారా అతని కందును. ఆ తీర్పు ఎంతవఱకు నమ్మదగినదను ప్రశ్న ఈ వ్యాసమునకు విషయము.

ఇందులకు మేము గ్రహించిన లక్ష్యము ‘క్రోనో ట్రిగ్గర్’. జపానునందలి స్క్వేర్ సంస్థ దీనిని సూపర్ ఫామికామ్ యంత్రమునకై 1995 మార్చి 11వ తేదీన వెలువరించినది. స్వరరచయితలలో ప్రధానుడు యసునోరి మిత్సుడా. సంగీతకర్తగా అతనికిదియే తొలి కృతి. నడుమ అతడు అస్వస్థుడు కాగా, నొబువో ఉయెమాత్సు కొన్ని రచనలతో ఆ కార్యమును పూరించెను. కథానాయకులు వేర్వేఱు యుగములకు పయనింతురు. వానిలో క్రీస్తుపూర్వము 12000 నాటి జీల్ రాజ్యము మేఘములపై తేలియాడు ద్వీపములలో వెలసినది.

ఇచ్చట స్వరరచయిత కెదురైన చిక్కు గమనింపదగినది. జీల్‌ను చేరులోపుననే క్రీడాకారుడు రెండు భిన్నయుగములను చూచియుండును. ఒకటి క్రీస్తుశకము 2300. యంత్రములు మిగిలినవి గాని నాగరకత శిథిలమైనది. అచ్చటి ఎనర్ట్రాన్ అను యంత్రము మనుష్యుని బడలికను తీర్చును, ఆకలిని మాత్రము తీర్పదు. యంత్రబాహుళ్యమే ఔన్నత్యము కాదని రచయితలు ఈ యొక్క వస్తువుతో చెప్పిరి. రెండవది ఆఱున్నర కోట్ల యేండ్ల నాటి ఆదిమయుగము. అచ్చట మ్రోగునవి డోళ్లు. కావున జీల్‌కు యంత్రధ్వనులను కూర్చిన అది భవిష్యత్తుగా తోచును, డోళ్లను కూర్చిన ఆదిమదశగా తోచును. భూతకాలమున నుండియు భవిష్యత్తును మించిన సమాజమునకు ఈ రెండును కాని మూడవ నాదము కావలసివచ్చినది.

‘కాలపు నడవలు’ అని అర్థమిచ్చు పేరుగల గీతము ఆ కొఱతను తీర్చినది. ఒక చిన్న స్వరగుచ్ఛము అవిచ్ఛిన్నముగా ఆవర్తించుచుండగా, దానిపై సితారును స్ఫురింపజేయు నాదమున ప్రధానగానము సాగును. ఆ యంత్రమున ఏకకాలమున పలుకగలవి 8 స్వరమార్గములు మాత్రమే. ధ్వనికై కేటాయించిన స్మృతి 64 కిలోబైట్లు. కావున మనము వినునది వాద్యము కాదు, వాద్యచ్ఛాయ. దూరదేశపు నాదమును లోకాతీతత్వమునకు చిహ్నముగా వాడుట సులభోపాయమని ఆ వాద్యము పుట్టిన దేశమువారమైన మనము ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణము నిరాధారము కాదు. మన కది పరిచితనాదమే కాని లోకాతీతము కాదు. అయినను ఆ నాదమును ఏ కాలమునకు చేర్చవలెనో శ్రోతకు తోచకుండుటయే ఇచ్చటి ప్రయోజనము గనుక, అది ఔచిత్యభంగము కాదని మా మతము.

ఇంతకంటె ముఖ్యమైన అంశము ఆ గీతము వినవచ్చు చోటు. మేఘముల క్రింది భూమి హిమయుగమున గడ్డకట్టియున్నది. మంత్రశక్తి లేనివారు అచ్చట గుహలలో జీవింతురు. ఆ శక్తి గలవారు పైన వసింతురు. క్రీడాకారుడు మొదట మంచునేలపై నడచునపుడు వినబడునది గాలిహోరు మాత్రమే. కాంతిపీఠమునుండి పైకెగసి వెలువడినంతనే ఎండ, పచ్చదనము, ఆ గీతము ఒక్కమాఱుగా ఎదురగును. వెలుగువలె, వెచ్చదనమువలె సంగీతము కూడ ఇచ్చట పైవారి సొత్తు. ఎన్హాసా నగరవాసులు నిద్రాస్వప్నములను మహిమాన్వితములుగా నెంతురు. కజార్‌లో మంత్రవిద్యాపరిశోధనము సాగును. ఈ తీరికకు మూలము మొదట సూర్యశిల. అది చాలక రాణి భూగర్భమునందలి లావోస్ అను వినాశకజీవి శక్తిని మామన్ యంత్రముతో పీల్చనెంచెను. తుదకు ద్వీపములు కూలి సముద్రము పాలయినవి.

ఇంతటి అన్యాయముపై నిలిచిన సమాజమునకు ఇంత మధురగీతమును కూర్చుట దోషము కాదా యని పూర్వపక్షము. ఇందులకు సమాధానముగా అదే సంస్థ 1997లో వెలువరించిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ను పరిశీలింతము. అందు మిడ్గార్ నగరమున సంపన్నులు లోహఫలకముపైని, పేదలు దాని నీడలోను వసింతురు. ఎనిమిది శక్తికర్మాగారములు భూమి ప్రాణమును పీల్చుచుండును. కర్మాగారమున ప్రవేశించినపుడే ఉయెమాత్సు బరువైన యాంత్రికలయతో దాని క్రౌర్యమును పలికించెను. అచ్చట సంగీతము నేరమును వాచ్యముగా చెప్పినది. శ్రోత సంశయింపవలసిన పని లేదు. జీల్ గీతమన్ననో శ్రోతను మొదట మోహింపజేయును. క్రింది గుహలను చూచి తిరిగివచ్చినవానికి అదే గీతము, అదే స్వరములు, అదే ఆవర్తనము వినవచ్చును. ఒక్క స్వరమైన మాఱలేదు. వైభవము వాచ్యము, దానికై ఎవరు చలిలో నున్నారను ప్రశ్న వ్యంగ్యము. ఆనందవర్ధనుని మార్గమున చూచిన జీల్ చిత్రణమే ఉత్తమమని మా నిర్ణయము.

భరతుడు నాట్యమున పాత్రల ప్రవేశనిష్క్రమణాదుల కనుగుణముగా ఐదు విధములైన ధ్రువాగానములను చెప్పెను. అవి ప్రేక్షకునకు సందర్భమును తెలుపును. వీడియో క్రీడలోని గీతము ఆ పని చేయుటయేకాక, సందర్భమును తెలిసికొంటినను శ్రోత విశ్వాసమును పరీక్షింపగలదు. ఈ కృతులను పరిశీలింపబూను విద్యార్థులు గీతమెంత మధురమని మాత్రమే యడిగిన చాలదు. అది ఎచ్చట వినబడును, ఎచ్చట వినబడదు, వినబడనిచోట ఎవరున్నారు అని కూడ విచారింపవలెను. నాగరకత కొలత ఆ మూడవ ప్రశ్నలో నున్నది.