మొహర్లీ గేటు, నేలపట్టు గట్టు

బల్లార్షా స్టేషన్ గోడల నిండా పులి బొమ్మలుంటాయి. 2018లో స్టేషన్ల అందాల పోటీలో చంద్రపూర్, బల్లార్షాలకు కలిపి మొదటి బహుమతి తెచ్చినవి ఆ బొమ్మలే. విసాపూర్‌లో స్థిరపడిన మాలాంటి తెలుగువాళ్ళం సొంత ఊరికి పోవాలన్నా ఆ పులి ఎదుట నిలబడే రైలెక్కుతాం. ఆ పట్టాలే కాజీపేట, విజయవాడ, గూడూరు దాటి దొరవారిసత్రం, సూళ్ళూరుపేట దాకా సాగుతాయి. ఈ కొసన తాడోబా పులులు, ఆ కొసన పులికాట్ రాజహంసలు. ఒక్క చలికాలంలో రెండూ చూసి వచ్చాక, జేబులో డబ్బు తక్కువగా ఉన్న కుటుంబానికి ఏది చూడమని చెప్పాలన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

తాడోబా మాకు పెరటి అడవి. చంద్రపూర్ దాటి కాస్త పోతే మొహర్లీ గేటు. తాడోబా 1955లో జాతీయ ఉద్యానమై, 1995లో అంధారి అభయారణ్యంతో కలిసి పులుల సంరక్షణ కేంద్రమైంది. కానీ పెరట్లోకి పోవడానికీ ముందుగా ఆన్‌లైన్లో బుకింగ్ కావాలి. సఫారీ జీపు జిప్సీకి ఆరుగురు, వెంట గైడు, మంగళవారం సెలవు, జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ ప్రాంతం మూత. నలుగురున్న ఇల్లు ఒక్క పూటకు ఒక జిప్సీ మాట్లాడుకుంటే అయ్యే ఖర్చుతో ఆ నలుగురూ స్లీపర్‌లో గూడూరు చేరుకోవచ్చు, ఇంకా మిగులుతుంది కూడా.

ఆ డబ్బుకు దక్కేది తక్కువేమీ కాదు. తాడోబా మనిషికి వినడం నేర్పుతుంది. ఇంజను ఆపగానే గైడు చెయ్యెత్తుతాడు. ఎక్కడో కొండముచ్చు దగ్గినట్టు అరుస్తుంది, చుక్కల దుప్పి కూత పెడుతుంది. 'కాల్ వచ్చింది' అంటాడు గైడు మెల్లగా. పులి నడుస్తున్న దారిని అడవి మొత్తం నోటితో చెబుతుంటే వినడం గొప్ప అనుభవమే. నాకు నచ్చనిది ఆ తర్వాత జరిగేది. పులులకు పేర్లు పెట్టి సినిమా తారల్లా వెతుకుతాం. అడవిదున్న కనిపించినా, రేసుకుక్కల మంద అడ్డం వచ్చినా, పులి కనబడకపోతే 'ఏమీ కనపళ్ళేదు' అంటూ గేటు దాటి వస్తాం. ఒకే జంతువును అడవి అనుకోవడం ఆ ప్రయాణంలోని పెద్ద లోపం. అది అడవి తప్పు కాదు, సఫారీ మనకు చేసిన అలవాటు.

నేలపట్టులో అలా పేరున్న నాయకుడెవరూ లేరు. దొరవారిసత్రం పక్కన, 458 హెక్టార్ల పక్షుల అభయారణ్యం. చెరువు నీళ్ళలోనే నిలబడిన నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. నేను గట్టు మీద కూర్చుని ఒక్క గూటినే గంటసేపు చూశాను. తల్లి వచ్చి వాలగానే పిల్ల రెక్కలు కొట్టుకుంటూ మీదపడి, తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి మెడదాకా తల దూర్చేసింది. మింగేసిందేమో అని భయం వేసింది. కాసేపటికి తల బయటికి తీసి, నోట్లోని చేపను ఆకాశంకేసి ఎత్తి మింగింది. ఇంత దగ్గరగా ఇంతసేపు తాడోబాలో దేన్నీ చూడలేదు. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళే కింది పొలాలకు ఎరువు. అందుకే చుట్టుపక్కల రైతులకు ఆ పక్షులు పరాయివి కావు. పులికీ రైతుకూ మధ్య మా జిల్లాలో ఉన్నది వేరే సంబంధం. చచ్చిన ఆవులు, నష్టపరిహారాలు, చీకటి పడ్డాక పొలానికి పోలేని భయం అందులో ఉన్నాయి.

అక్కడికి సుమారు 20 కిలోమీటర్లలో సూళ్ళూరుపేట. అక్కణ్ణుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు, మనవాళ్ళు ప్రళయకావేరి అని పిలుచుకున్న పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రోడ్డు పక్కనే మోకాటి లోతు నీళ్ళలో రాజహంసలు. తల తలకిందులు చేసి, ముక్కు బురదలో ఆనించి, కాళ్ళతో తొక్కి లేపిన బురదను వడగట్టుకుని తింటాయి. దానికి టికెట్టు లేదు, జిప్సీ లేదు, బస్సు కిటికీ చాలు.

కోస్తా వెంట పైకి పోతే కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులు, నీటికుక్కలు. ఇంకా పైన శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి. తేలుకుంచిలో నత్తలు తినే కొంగలు ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి, ఆ పక్షులకు ఊరే కాపలా. అక్కడికి మాత్రం వానాకాలంలో పోవాలి.

ఇంతవరకూ కోస్తాదే పైచేయి. కానీ గేటు లేకపోవడం వల్ల వచ్చే కష్టం కూడా దానిదే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ వదులుతూ పాకి, ఒక్కోటి నూరు దాకా గుడ్లు పెడతాయి. అదే కాలంలో ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి కూడా అదే ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టింది, తాబేలు తల్లులు గుడ్లు పెట్టి వెళ్ళిపోయాక మొదలవుతుంది. తాడోబా కోర్‌లో ఒక్క మనిషి జిప్సీ దిగినా కేసవుతుంది. ఇక్కడ గుడ్లు పెడుతున్న తాబేలు కళ్ళలోకి సెల్‌ఫోను లైటు కొట్టినా అడిగే దిక్కుండదు. తాడోబా కట్టుదిట్టంలో పదో వంతు ఈ ఇసుక మీద ఉంటే బాగుండునని మనసారా కోరుకున్నాను.

అయినా నా ఓటు కోస్తాకే. పులిని చూడ్డానికి డబ్బు ముందు కావాలి, ఓపిక తర్వాత. కోస్తాలో ఓపిక ఒక్కటే కావాలి, అది పేదవాడి దగ్గర కూడా ఉంటుంది. విసాపూర్ పిల్లలకు తాడోబా ఒకసారి చూపించండి, తప్పకుండా. కానీ ముందు సంక్రాంతి సెలవుల్లో బల్లార్షాలో రైలెక్కించి గూడూరులో దించండి. అక్కణ్ణుంచి నేలపట్టుకు తీసుకెళ్ళండి. గట్టు మీద ఒక గంట కూర్చోబెట్టండి. రాత్రి సముద్రపుటొడ్డుకు పోతే ఫోన్లలో లైట్లు మాత్రం వెయ్యనివ్వకండి.