అద్దె, కిరాయి, క్వార్టర్సు: విశాఖపట్నం – హైదరాబాదు నివాసవ్యయాల తులనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఖరీదైన రెండు నగరాల్లోని ఇంటి ఖర్చులను పోల్చేటప్పుడు సాధారణంగా అంకెలే ప్రమాణమవుతాయి. ఆ అంకెల వెనుక ఉన్న కర్తను మన వాడుకమాటలు ఎట్లా మరుగుపరుస్తున్నాయో, సాహిత్యం ఆ కర్తను ఎట్లా ముందుకు తెస్తుందో విశాఖపట్నం, హైదరాబాదు నగరాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విశాఖపట్నం, హైదరాబాదు, నివాసవ్యయం, కర్మణి ప్రయోగం, పూటకూళ్ళిల్లు, నిర్వాసితులు.

1. ఉపోద్ఘాతం:
“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెత ఎదుటి మనిషిని పలకరిస్తుంది. కట్టేదెవరో, కష్టపడేదెవరో అందులో స్పష్టం. నేటి నగరాల్లో గేటుకు వేలాడే “ఇల్లు అద్దెకు ఇవ్వబడును” అన్న బోర్డులో మాత్రం ఇచ్చే మనిషి కనిపించడు. ‘బడు’ ధాతువుతో కూడిన కర్మణి ప్రయోగం తెలుగువారి సంభాషణలో అరుదు. అది దస్తావేజుల్లోనూ ప్రకటనల్లోనూ స్థిరపడిన రూపం. “బ్యాచిలర్లకు ఇవ్వబడదు” అన్నప్పుడు కాదంటున్నదెవరో చెప్పనక్కరలేదు. భూముల విషయంలోనూ ఇదే ధోరణి. “ధరలకు రెక్కలొచ్చాయి” అంటాం. రెక్కలు తొడిగినదెవరన్న ప్రశ్న ఆ వాక్యంలో పుట్టదు. రెండు నగరాల తులన ఈ ప్రశ్నతో మొదలుకావాలి.

2. మాటలు – నేలతీరు:
విశాఖలో ఇంటికి చెల్లించేది అద్దె. ఆటోకో లారీకో చెల్లించేది కిరాయి. హైదరాబాదు వాడుకలో ఇంటికీ కిరాయే. ఈ మాట అరబీ మూలం నుంచి ఉర్దూ ద్వారా తెలంగాణ తెలుగులో కుదురుకొంది. మాటల్లో తేడా ఉన్నట్లే నేలతీరులోనూ తేడా ఉంది. విశాఖకు తూర్పున సముద్రం, మిగిలిన దిక్కుల్లో చాలాచోట్ల కొండలు అడ్డం. నగరం ఉత్తరాన మధురవాడ వైపు, దక్షిణాన గాజువాక వైపు సాగవలసి వచ్చింది. దక్కను పీఠభూమిపై ఉన్న హైదరాబాదు నలుదిక్కులా విస్తరించింది. దాన్ని చుట్టివచ్చే ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. కనుక విశాఖలో నేల కొరత, హైదరాబాదులో దూరం జీవనవ్యయాన్ని పెంచుతాయి. అద్దె తక్కువని ఊరిచివర ఇల్లు తీసుకొన్న ఉద్యోగి ఆ తేడాను ప్రయాణంలో, సమయంలో చెల్లిస్తాడు. అద్దెల పట్టికలో ఈ చెల్లింపునకు గడి ఉండదు.

అట్లాగే విశాఖ బీచ్‌రోడ్డు ఇరుకు గదుల్లో బతికేవారికి సాయంత్రపు వసారా. జీవనశైలిని లెక్కించేటప్పుడు రుసుము లేని ఇటువంటి ఉమ్మడిచోటు విలువను విస్మరించరాదు.

3. పూటకూళ్ళింటి నుంచి హాస్టలు గది వరకు:
డబ్బిచ్చి పరాయి ఇంట బతకడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం విజయనగరంలో పూటకూళ్ళమ్మ పంచన బతికినవాడే. సంతలో సామాను కొనిపెడతానని ఆమె వద్ద తీసుకొన్న 20 రూపాయలను అతడు వేరేచోట ఖర్చు చేస్తాడు. నాటకం మొదట్లోనే పట్టణవాసం, అప్పు, నమ్మకద్రోహం ఒకే ముడిగా కనిపిస్తాయి. ఇక్కడ ఇచ్చేదెవరో, ఎగవేసేదెవరో దాపరికం లేదు. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ సంస్థల చుట్టూ, విశాఖ ద్వారకానగర్ పరిసరాల్లో వెలసిన హాస్టళ్ళు పూటకూళ్ళింటికి వారసులు. తేడా ఒక్కటే: నాడు పూట లెక్క, నేడు మంచం లెక్క.

రావిశాస్త్రి ‘అల్పజీవి’లో చిరుద్యోగి సుబ్బయ్యను ఆఫీసులోనూ ఇంటిలోనూ భయమే పాలిస్తుంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలోని గృహిణి ఇంటిని తీర్చిదిద్దుతూ తన పేరే మరచిపోతుంది. ఇంటి ఖర్చులో భయం వాటా ఎంత, లెక్కకు రాని స్త్రీశ్రమ వాటా ఎంత అని అడిగే వీలు ఈ రచనలు కల్పిస్తున్నాయి.

4. రెక్కలు తొడిగిన చేతులు:
1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాదు పశ్చిమభాగం రూపు మారింది. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ కోకాపేటలో నిర్వహించిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖ ఋషికొండలో 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు కేటాయించడానికి ఆమోదించింది. ఉద్యోగాలు రావాలన్నది దానికి ప్రభుత్వం చూపిన కారణం. ఆ కారణం తోసిపుచ్చదగినది కాదు. కానీ ఒకచోట వంద కోట్లు, మరొకచోట 99 పైసలు అన్నవి రెండూ పాలకనిర్ణయాల ఫలితాలేనని గుర్తించాలి. భూమికి రెక్కలు వాటంతటవే రావు. ఆ సంస్థలో చేరబోయే యువకుడు మధురవాడలో గది వెదుక్కొనేటప్పుడు అతనికి 99 పైసల ధర వర్తించదు.

5. క్వార్టర్సు అనే మాట:
విశాఖకు మరొక నివాసచరిత్ర ఉంది. రేవు, రైల్వే, ఉక్కు కర్మాగారాల్లో ఉద్యోగంతో పాటు క్వార్టర్సు లభించేవి. హైదరాబాదులోనూ రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. వంటి టౌన్‌షిప్పులు అదే పద్ధతిలో ఏర్పడ్డాయి. ఇంటిని బజారు సరుకుగా కాక, కొలువుతో వచ్చే హక్కుగా చూసిన కాలమది. “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అన్న 1966 నాటి నినాదం, 1971లో శంకుస్థాపన, ఆపై ఉక్కునగరం ఆ భావనకు మెట్లు. 2021 జనవరిలో కేంద్రం కర్మాగారంలో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలపడంతో ఆ భావన పునాదే కదిలింది.

అయితే క్వార్టర్సును తలచుకొని మురిసిపోవడం కూడా విమర్శ కాదు. ఆ నగరానికి నేలనిచ్చిన గ్రామాల వారు అగనంపూడి, పెదగంట్యాడ పరిసరాల కాలనీలకు చేరారు. ఉద్యోగాశ చూపే ఆర్-కార్డు చాలా కుటుంబాల్లో కార్డుగానే మిగిలింది. వారికి మనం పెట్టిన పేరు ‘నిర్వాసితులు’. వాసం లేకుండా చేసినదెవరో ఈ మాటలోనూ లేదు.

6. ముగింపు:
విశాఖ మరో హైదరాబాదు కావాలన్న కోరికను నేడు తరచు వింటున్నాం. హైదరాబాదు జీతాలు రాకముందే అక్కడి అద్దెలు విశాఖకు వస్తే ఆ కోరిక ఎవరికి నెరవేరినట్లు? రెండు నగరాల్లో గజం ధర ఎంత అన్న ప్రశ్నకు తోడుగా నేలనిచ్చినదెవరు, ధర కట్టినదెవరు, గేటు వద్ద కాదన్నదెవరు అన్న ప్రశ్నలు చేరినప్పుడే తులన సమగ్రమవుతుంది. కర్తను తిరిగి వాక్యంలోకి తీసుకురావడం ఇక్కడ వ్యాకరణ విషయం మాత్రమే కాదు, విమర్శ బాధ్యత కూడా.