ఈ కానుక ఎవరిది?

'ఎ క్రిస్మస్ గిఫ్ట్ ఫర్ యూ ఫ్రమ్ ఫిల్ స్పెక్టర్'. 1963 నాటి ఈ ఆల్బమ్‌కి ఇప్పుడున్న పేరిది. నిర్మాత పేరు అట్ట మీదే ఉంది. చివరి ట్రాక్‌లో, 'సైలెంట్ నైట్' వాద్యం మీద, శ్రోతలకి థ్యాంక్స్ చెప్పే గొంతూ ఆయనదే. నాకు ఆల్బమ్ మొత్తంలో తేలిపోయినట్టు అనిపించే చోటు అదే.

లాస్ ఏంజెలస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో హాల్ బ్లెయిన్ డ్రమ్స్, బోలెడన్ని గిటార్లు, పియానోలు కలిసి ఒక హోరు పుట్టించాయి. మామూలు గొంతైతే అందులో మునిగిపోతుంది. డార్లీన్ లవ్ 'క్రిస్మస్ (బేబీ ప్లీజ్ కమ్ హోమ్)' వినండి. వెనక పండగ సందడి, ముందు రాని మనిషి కోసం బతిమాలే గొంతు. సందడి పెరిగేకొద్దీ ఒంటరితనమూ పెరుగుతుంది.

అంతకు ముందు ఏడాది ఆమె పాడిన 'హీ ఈజ్ ఎ రెబెల్'ని స్పెక్టర్ క్రిస్టల్స్ పేరుతో విడుదల చేశాడు. ఈ పాట మీద మాత్రం ఆమె పేరే ఉంది. ఏటా డిసెంబర్‌లో నేను ఈ ఆల్బమ్ పెట్టేది ఆ పేరు కోసమే.