రెండు గళ్ళ మర్యాద

పోయిన నెల పేపరుకు కూర్చిన పదాల గడిలో ఒక తప్పు చేశాను. అడ్డం ఆధారం ‘ఆడవాళ్ళను మర్యాదగా పిలిచే మాట (2)’ అని ఇచ్చాను. నా జవాబు ‘మేడం’. దాని మొదటి గడిలోంచి కిందికి దిగే నిలువు ఆధారం ‘నాన్న చెల్లెలు (3)’. జవాబు ‘మేనత్త’. పేపరొచ్చిన రోజు పొద్దున్నే, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఆండర్సన్‌పేట నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసింది.

“ఏమప్పా, అడ్డం అమ్మ, నిలువు అత్తమ్మ. సరిపోయె కదా?”

పేపరు ముందేసుకుని చూశాను. సరిపోయింది. మేనత్తకూ మూడు గళ్ళే, అత్తమ్మకూ మూడు గళ్ళే. మిగతా గళ్ళు వేరే మాటలతో కలిసి ఉంటే నా జవాబు నిలిచేది. ఆ మూలను బద్ధకించి అలాగే వదిలేశాను. ఒక ఆధారానికి రెండు జవాబులు రావడం కూర్పరికి తలవంపులే.

“తప్పు నాదేనమ్మా” అన్నాను.

“చూస్తివా! నువ్వే అమ్మా అంటివి. మేడం అనలేదే?”

ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

ఇంగ్లిషువాళ్ళకు ఈ ఆధారం నల్లేరు మీద బండి నడక. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి గడి వేసినప్పటి నుంచి వాళ్ళది గడికి ఒక అక్షరం లెక్క. మేడమ్ అయిదు గళ్ళు, మామ్ నాలుగు. మధ్యలో ఎగిరిపోయిన ‘డి’ కోసం పెట్టే అపాస్ట్రఫీ గడిలోకి రాగానే మాయమవుతుంది. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు కూర్చిన మన గళ్ళ లెక్క వేరు. గుణింతం, వత్తు అన్నీ కలుపుకుని ఒక గడి. సున్నాతో రాస్తే ‘మేడం’ రెండు గళ్ళు, పొల్లుతో ‘మేడమ్’ అని రాస్తే మూడు. పొల్లు మకారాన్ని గడిలో ఒంటరిగా నిలబెట్టడం నాకిష్టం ఉండదు. ఇంగ్లిషు మేడమ్‌ను వెనకనుంచి చదివినా మేడమే. ఆ సరదా తెలుగులో పోయిందనుకుంటుండగా ఒకరోజు ‘మడమ’ దొరికింది. ‘ముందునుంచి చూసినా వెనకనుంచి చూసినా కాలి వెనకే ఉండే దొరసాని (3)’ అని ఇచ్చాను. బంగారు గనుల జిల్లావాణ్ణి కదా, ‘కాబట్టి, అటు తవ్వినా ఇటు తవ్వినా బంగారమే (3)’ అని ‘కనక’ను కూడా వదల్లేదు.

ఆ దొరసాని మాట మా దగ్గర ఊరికే పుట్టలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక కేజీఎఫ్‌లో దొరలకు బంగళాలు, కూలీలకు లైన్లు వెలిశాయి. లిటిల్ ఇంగ్లండ్ అని పేరూ పడింది. బంగళాలో ఉన్నావిడ హిందీ వచ్చిన నౌకరుకు మేమ్‌సాబ్, అంటే మామ్‌కు సాహెబు తగిలించిన మాట. తెలుగువాళ్ళకు దొరసాని. ఎదురుగా ఉన్నది ఒకే మనిషి. పిలుపు మాత్రం పిలిచేవాడు ఎక్కడ నిలబడ్డాడో దాన్ని బట్టి మారుతుంది. నా ఆధారంలో లోపించింది అదే. ‘మర్యాదగా పిలిచే మాట’ అన్నాను గానీ ఎవరు పిలుస్తున్నారో చెప్పలేదు.

‘సాని’ కథ ఇంకోటి. పిల్లలమర్రిలో 1208లో ఎరకేశ్వరాలయం కట్టించిన ఎరకసాని పేరులో అది దర్జాగా ఉంది. తరవాత్తరవాత ఆ మాట ఎంత దిగజారిందో అందరికీ తెలిసిందే. ఇంగ్లిషులో మేడమ్ కూడా అంతే. ‘నా దొరసాని’ అనే అర్థంతో ఫ్రెంచి నుంచి బయల్దేరి, ఒకవైపు మహారాణి దగ్గరికి, ఇంకోవైపు వేశ్యాగృహం నడిపే ఆవిడ దగ్గరికి చేరింది.

‘అమ్మ’ మాత్రం దేనికి తగిలిస్తే దాన్ని మనింటి మనిషిని చేసేస్తుంది. మా అమ్మ రాబర్ట్‌సన్‌పేటలో బడిపంతులమ్మ. తరగతిలో ఆమె మిస్, తెలుగిళ్ళలో టీచరమ్మ, నీళ్ళ కుళాయి దగ్గర అక్క. ఇంగ్లిషు మిస్‌కు తెలుగు అమ్మ అతుక్కుంటే 1955లో ఏకంగా సినిమా పేరే అయింది, ‘మిస్సమ్మ’. కోలారు ఊరి దేవత కోలారమ్మ. ఆ గుడిలోనే తేళ్ళ దేవత చేళమ్మ ఉంది. కన్నడంలో తేలును చేళు అంటారు. కుట్టే పురుగు దేవతనైనా అమ్మా అనే దండం పెట్టే జిల్లా ఇది.

అలాగని అమ్మతోనే అన్నీ తేలిపోవు. బ్యాంకులో మేనేజరు కుర్చీలో పాతికేళ్ళ అమ్మాయి కూర్చుంటే, “ఏమ్మా, ఈ చలానా ఎవరికివ్వాలి?” అని అడిగే పెద్దమనుషులను చూశాను. ఆ ‘అమ్మా’లో ప్రేమ ఉందో లేదో గానీ, కుర్చీకి ఇవ్వాల్సిన లెక్క మాత్రం తగ్గింది. ఆమె చదివి సంపాదించుకున్న పిలుపు మేడం. అది ఇవ్వకుండా చుట్టరికం కలుపుకోవడం కూడా ఒక రకం ఎగవేతే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మా ఊరి బతుకంతా పొద్దుటి రైలెక్కింది. మారికుప్పంలో, బంగారుపేటలో ఎక్కి బెంగుళూరు కొలువులకు పోయే ఆడపిల్లలు పగలంతా ఎవరినో ఒకరిని మేడం అంటూనే ఉంటారు. రాత్రి దిగగానే స్టేషను బయట పూలమ్మే ఆవిడ, “అక్కా, మూర తీసుకో” అంటుంది. ఆవిడ వయసు వీళ్ళకు రెండింతలు. అయినా అక్కే. బౌరింగు దొర పేరుమీద వెలిసిన బౌరింగుపేటను బంగారుపేట చేసుకున్న నోళ్ళకు వయసు లెక్క ఒక లెక్కా!

ఈ వారం గడి మళ్ళీ కూర్చాను. ఆ మూలన మూడు మాటలు పెట్టి, వేరే మాటలతో కలిపి బిగించాను. మొదటిది ‘కౌంటరు ఇవతల నిలబడి అవతల కూర్చున్నావిడను (2)’. రెండోది ‘పూలబుట్ట ముందేసుకుని, తనకంటే చిన్నదాన్ని (2)’. మూడో ఆధారం దగ్గర కాసేపు ఆగి, చివరికి ఇలా రాశాను: ‘తప్పు చేసి దొరికిపోయినవాడు, ఫోనులో (2)’.

ఆండర్సన్‌పేట ఆవిడకు మూడోది ఎటూ తెలుసు. మిగతా రెండూ పూరించి ఫోను చేస్తుందేమో చూడాలి.