బరాత్‌లో పెండ్లిపిల్ల, తెర మీద పాట

2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లా పెండ్లి బరాత్ వీడియో ఒకటి ఫోన్ల నుంచి ఫోన్లకు పాకి, చివరికి టీవీ వార్తల్లోకి ఎక్కింది. పెండ్లిపిల్ల ముస్తాబు తీయకుండానే రోడ్డు మీద ‘బుల్లెట్టు బండి’ పాటకు స్టెప్పులేస్తుంటే, పక్కన నిలబడ్డ పిలగాడు మురిసిపోతూ చూస్తుంటాడు. అంతకు కొన్ని నెలల ముందే, ఏప్రిల్‌లో, ఆ పాట అసలు వీడియో యూట్యూబ్‌లో వచ్చింది. లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజీ సంగీతం ఇచ్చారు, మోహన భోగరాజు పాడి ఆడారు. ఈ రెండు వీడియోలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. నాలుగు రోజుల సందడి అని పక్కన పెట్టేసినవాళ్లకు వాటిలోని పనితనం కనబడలేదనిపిస్తుంది నాకు.

వీడియో పాటను చదివే పద్ధతి ఒకటి ఉంది. ఆండ్రూ గుడ్విన్ 1992లో ‘డ్యాన్సింగ్ ఇన్ ది డిస్ట్రాక్షన్ ఫ్యాక్టరీ’ అనే పుస్తకం రాశారు. అమెరికాలో 1981 ఆగస్టు 1న మొదలైన ఎంటీవీ అప్పటికి పదేళ్లుగా రాత్రింబవళ్లు పాటల వీడియోలు చూపిస్తూ ఉంది. వాటిని సినిమా కొలతలతో కొలవడం తప్పని గుడ్విన్ వాదన. పాట ఏ కోవకు చెందిందో ఆ కోవ గుర్తులు తెర మీద ఉన్నాయా, మాటకూ బొమ్మకూ సంబంధం ఏమిటి, చప్పుడుకూ కదలికకూ పొత్తు ఎట్లా కుదిరింది, గాయకుల ముఖం ఎన్నిసార్లు దగ్గరగా కనబడుతుంది, ఎవరు ఎవరిని చూస్తున్నారు, ఇంకే సినిమా నుంచో పాట నుంచో ఏం తెచ్చుకున్నారు అని అడగమన్నారు. మీడియా చదివే పిల్లలకు ఇప్పటికీ ఇవే ప్రశ్నలు నేర్పుతున్నారు.

మనకు ఇది మరీ కొత్త విద్య కాదు. చేర్యాల నకాశీ కళాకారులు ఎర్రటి నేల మీద వరుసలు వరుసలుగా గీసిన పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మ మీద కర్ర ఆనిస్తూ కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం పాడి చెప్పేవాళ్లు. డక్కలి వాళ్లు జాంబపురాణం చెప్పేవాళ్లు. ఎక్కడ నిలవాలో, ఏ బొమ్మను ఎంతసేపు చూపాలో కర్రదే నిర్ణయం. ఇప్పుడు ఎడిటర్ చేస్తున్నది ఆ కర్ర పనే.

ఇక ‘బుల్లెట్టు బండి’కి వద్దాం. మన పెండ్లి పాటల్లో అప్పగింతల పాటకు ఒక పద్ధతి ఉంది. పాడేది పెద్ద ఆడవాళ్లు. పిల్ల తల వంచుకొని కూర్చుంటుంది, లేదంటే ఏడుస్తుంది. ఆమె గురించి అందరూ పాడతారు కానీ ఆమె నోరు విప్పదు. ఈ పాటలో కూడా పట్టుచీర ఉంది, వడ్డాణం ఉంది, దిష్టిచుక్క ఉంది, నాయన ప్రేమ ఉంది. సొమ్ములు ఒకటొకటిగా వరుస పెట్టి చెప్పడం జానపదుల పాత ఒడుపే. మారిందల్లా గొంతు. తన ముస్తాబు తానే చెప్పుకుంటూ, ఎవరి బండి ఎక్కి వస్తానో కూడా పిల్లే చెబుతుంది. అప్పగింతల దుఃఖం పక్కకు తప్పుకొని ప్రయాణపు హుషారు ముందుకొచ్చింది. కోవ గుర్తులన్నీ ఉంచి లోపలి బరువును మార్చడమంటే ఇదే.

చప్పుడు సంగతి మరీ ముచ్చటైనది. బుల్లెట్ ఇంజన్ ఆగి ఆగి కొట్టుకుంటుంది. ఆ చప్పుడునే లక్ష్మణ్ పల్లవిలోకి తెచ్చారు. అక్కడికి రాగానే ఆడేవాళ్ల భుజాలు, నడుము వాటంతట అవే ఆ దెబ్బకు కలుస్తాయి. బండి కంటికి కనబడకపోయినా పరవాలేదు, ఒంట్లోకి వచ్చేస్తుంది. మంచిర్యాల బరాత్‌లో జరిగింది సరిగ్గా అదే.

మాటకూ బొమ్మకూ మధ్య మూడు రకాల సంబంధం ఉంటుందన్నారు గుడ్విన్: బొమ్మ మాటను చూపించవచ్చు, దాన్ని పెంచవచ్చు, కాదనవచ్చు. మూడోదానికి 2025లో ఊరూరా మోగిన ‘రాను బొంబాయికి రాను’ మంచి సాక్ష్యం. రాము రాథోడ్ రాసి, ప్రభతో కలిసి పాడి, తానే ఆడారు. మాటల్లో అతను నగరపు మేడలు, చీరలు చూపి పిలుస్తాడు, ఆమె రానంటుంది. తెలంగాణ పల్లెల్లో బొంబాయి అంటే వలస. ఎన్నో ఇండ్లను విడదీసిన ఊరు. అయినా తెర మీద ముఖాలు నవ్వుతుంటాయి, కాళ్లు ఎగురుతుంటాయి. మాట రానంటుంటే ఒళ్లు అతనితోనే అడుగు కలుపుతుంది. ఆ పాట బలమంతా ఆ ఎడంలోనే ఉంది.

గాయకుల ముఖం విషయంలో గుడ్విన్ లెక్కను మనం కొంచెం సవరించుకోవాలి. పాశ్చాత్య వీడియోలో సాధారణంగా పాడేవారే కనబడతారు. తెలుగు సినిమాలో గొంతు ఒకరిది, ముఖం మరొకరిది. మోహన భోగరాజు 2015లో ‘బాహుబలి’కి ‘మనోహరి’ పాడినప్పుడు తెర మీద ఉన్నది వేరేవాళ్లు. ‘బుల్లెట్టు బండి’లో ఆమె గొంతు ఆమె ముఖంతోనే వచ్చింది. సినిమా దశాబ్దాలుగా విడదీసిన రెంటినీ తక్కువ ఖర్చుతో తీసిన జానపద వీడియో కలిపింది. కళాకారులకు ఇది చిన్న లాభం కాదు.

చూపు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. సినిమాలో కెమెరా మగవాడి కన్నుగా మారి ఆడదాన్ని చూడదగ్గ వస్తువుగా నిలబెడుతుందని లారా మల్వీ 1975లో రాశారు. ముఖం, నడుము, పాదం అంటూ ముక్కలు ముక్కలుగా చూపించడం ఆ పద్ధతిలో భాగమే. మన జానపద వీడియోల్లోనూ అది దండిగా ఉంది, దాచేదేమీ లేదు. బరాత్ వీడియోలో కెమెరాకు ఆ వీలు దొరకలేదు. తీసింది ఫోన్‌తో. కోతలు లేవు కాబట్టి మనిషి మనిషిగానే, తల నుంచి కాలిదాకా, పాట నడిచినంతసేపూ కనబడుతుంది. మన బరాత్‌లో ఎగిరేది ఎక్కువగా పిలగాని దోస్తులు. పిల్ల కారులో కూర్చొని చూస్తుంది. ఇక్కడ పిల్ల రోడ్డు మీదికి దిగింది, పిలగాడు చూసేవాడయ్యాడు. ఆమె ఆట అతని కోసమే, అతనికి ఎదురుగానే. ఊరు, డీజే, ఫోన్లు పట్టుకున్న చుట్టాలు ఆ తర్వాతే. మల్వీ వేసిన ప్రశ్నకు మంచిర్యాల రోడ్డు మీద ఒక జవాబు దొరికిందని నేను నమ్ముతున్నాను. అసలు వీడియోలో నటించిన పెండ్లి ఇక్కడ నిజమైన పెండ్లి అయింది. పాట చెప్పిన మాటను పిల్ల తన మాటగా చేసుకుంది.

తరగతిలో ఈ పాఠం చెప్పేవాళ్లకు తేలికైన దారి ఒకటుంది. ముందు శబ్దం తీసేసి ఒకసారి చూపించాలి, తర్వాత తెర మూసి ఒకసారి వినిపించాలి, అప్పుడు రెండూ కలపాలి. ఏ చోట బొమ్మ పాటకు సాయం చేసిందో, ఎక్కడ ఊరికే నింపిందో పిల్లలే చెప్పేస్తారు. పొలం, ట్రాక్టర్, ఓణీలు ఎన్ని వీడియోల్లో ఒకే తీరున వస్తున్నాయో కూడా పట్టేస్తారు.

గుడ్విన్ జాబితాలో లేని ప్రశ్న ఒకటి మన పాటలకు తప్పనిసరి: మొదట ఎవరు పాడారు? నాట్లేస్తూ, బతుకమ్మ ఆడుతూ పాడుకున్న పాటలు తెర మీదికి వచ్చేసరికి కింద ‘జానపదం’ అన్న ఒక్క మాట మిగులుతుంది. 2021లోనే ‘లవ్ స్టోరీ’ సినిమాలోకి ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు, ఆ పాటను అంతకు ముందే టీవీ వేదిక మీద పాడిన కోమలి తనకు గుర్తింపు కావాలని బయటికి వచ్చి అడగవలసి వచ్చింది. అడగగలిగింది కాబట్టి ఆమె పేరు మనకు తెలిసింది. వీడియో కింద వివరాలు రాసే చోట పాట ఏ ఊరిది, ఎవరి నోట విన్నారు అని రెండు వరుసలు రాయడానికి ఏ చానల్‌కూ పైసా ఖర్చు కాదు.